కొండకు పోవు దారి, గుడికి పోవు దారి

ధ్యాన భాగములు: కీర్తన 121; మత్తయి 5:23, 24; యెషయా 58:12



మన వేటపాలెములో కొండ లేదు. తూర్పున సముద్రము, పడమట పొలములు, నడుమ ఇసుక నేల. ఆ ఇసుకలో జీడిమామిడి తోటలు, సరుగుడు తోపులు, తాటిచెట్లు. మనవారిలో కొందరికి మగ్గము ఆధారము, కొందరికి జీడిగింజలు కొట్టుట ఆధారము. చదువుకొన్నవారు మన ఊరి పేరు వినగానే 1918లో స్థాపింపబడిన సారస్వత నికేతన గ్రంథాలయమును జ్ఞాపకము చేసికొందురు గాని, కొండను జ్ఞాపకము చేసికొనువారు లేరు. మన బిడ్డలు రామాపురము వైపు ఇసుక దిబ్బ ఎక్కి, అదియే కొండ అనుకొని సంతోషింతురు.

కొండ లేకపోయినను కాలిబాటలకు కొదువ లేదు. పల్లెనుండి చెరువుకు ఒక బాట, చెరువునుండి తోటలకు ఒక బాట, తోటలగుండా సముద్రమునకు ఒక బాట, తోట అంచున గుడికి ఒక బాట. వీటిని ఏ ఇంజనీరును గీయలేదు, ఏ కంట్రాక్టరును వేయలేదు. మన తాతలనాడు ఈ ఊరు గుంటూరు జిల్లాలోనిది. 1970లో ఒంగోలు కేంద్రముగా ఏర్పడిన జిల్లాలో చేరెను. 2022లో బాపట్ల జిల్లాలోనికి పోయెను. జిల్లా పేర్లు మారినవి గాని చెరువు బాట మారలేదు. ఎందుచేత? బిందె చంక పెట్టుకొని నడచువారు మానలేదు గనుక.

కాలిబాటకు ఒక లక్షణమున్నది. అది నడచుటవలన కలుగును, నడచుటవలననే నిలుచును. ఇసుక బాటను చూడుడి. రాత్రి గాలి గట్టిగా కొట్టెనా, తెల్లవారుసరికి అడుగుజాడ ఒక్కటియు మిగులదు. మరల నలుగురు నడచినప్పుడు బాట మరల కనబడును. తోటలోని బాటయు అంతే. ఒక్క వానకాలము ఎవరును నడువకున్నయెడల పల్లేరు అల్లుకొనును, జిల్లేడు మొలచును, ఇక్కడ దారి యుండెనా అని మనమే సందేహపడుదుము. దారులయొద్ద నిలిచి, పూర్వులు నడచిన మార్గమేదో విచారించి, తెలిసికొని, దానిలో నడువవలెనని యిర్మీయా ప్రవక్త ద్వారా దేవుడు తన ప్రజలకు సెలవిచ్చెను (యిర్మీయా 6:16). తెలిసికొనుటతో ఆయన ఊరకుండలేదు, నడువవలెననియు చెప్పెను. నడచినవారికే నెమ్మది వాగ్దానము చేసెను.

ఈ నెల మనము రెండు దారులనుగూర్చి ధ్యానింతము. ఒకటి కొండకు పోవునది, ఒకటి గుడికి పోవునది.

కొండకు పోవు దారి ఒంగోలులో ఉన్నది. మన స్టేషనులో రైలెక్కి దక్షిణముగా 40 కిలోమీటర్లకు పైగా పోయిన యెడల ఒంగోలు చేరుదుము. అక్కడి ప్రార్థన కొండను ఎరుగని విశ్వాసి ఈ ప్రాంతములో అరుదు. అది గొప్ప పర్వతము కాదు. రాళ్ల నడుమ ఎక్కవలసిన చిన్న కొండ. అయినను దాని చరిత్ర మన పిల్లలకు చెప్పదగినది.

నెల్లూరులో తెలుగు బాప్తిస్టు మిషను 1840లో స్థిరపడెను. సంవత్సరములు గడచినను ఫలము స్వల్పముగానే యుండెను. ఈ మిషనును మూసివేయుదమా అని అమెరికాలో పెద్దలు 1853లో చర్చించిరి. మూయవద్దనువారు దానికి ఒంటరి నక్షత్రమని పేరు పెట్టిరి. ఆ దినములలోనే మిషనరీ లైమన్ జ్యూయెట్ దొరగారు నెల్లూరునుండి సువార్త ప్రయాణము చేసి ఒంగోలు చేరిరి. 1854 జనవరి 1వ తేదీన తెల్లవారుజామున అయిదుగురు ఆ కొండ ఎక్కిరి. జ్యూయెట్ దొరగారు, దొరసానిగారు, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. ఇద్దరు విదేశీయులు, ముగ్గురు మనవారు. క్రింద కనబడు ఊరిని, దాని చుట్టు పల్లెలను చూచి, ఇక్కడికి ఒక పనివానిని పంపుమని మోకాళ్లూని ప్రార్థించిరి. సూర్యోదయమైన తరువాత కొండ దిగిరి.

పిమ్మట ఏమి జరిగెను? వెంటనే ఏమియు జరుగలేదు. మరుసటి దినము పనివాడు రాలేదు, మరుసటి సంవత్సరమును రాలేదు. జాన్ క్లౌ దొరగారు వచ్చి ఒంగోలులో కాపురముండునాటికి 1866వ సంవత్సరమాయెను. అనగా పండ్రెండేండ్లు. కొండ ఎక్కిన జనవరి 1వ తేదీకి సరిగా పదమూడేండ్లు నిండిన దినమున, 1867 జనవరి 1న, ఒంగోలు సంఘము ఏర్పడెను. సభ్యులెందరు? ఎనిమిదిమంది. మన గుడిలో ఒక్క చాపమీద కూర్చుండగలంతమంది.

ఆ ఎనిమిదిమంది వేలమంది ఎట్లయిరి? కొండమీదనే కూర్చుండియుండిన యెడల అయ్యెడివారు కారు. దారులు నడచిరి. ఒంగోలుకు పడమటి పల్లెలవాడైన ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారము చేయుచు ఊరూరు తిరిగినవాడు. 1866లో బాప్తిస్మము పొందిన తరువాతను ఊరూరు తిరుగుట మానలేదు. మునుపు వ్యాపారము మీద పోయిన పాదములే ఇప్పుడు సువార్త మీద పోయినవి. అతని వంటివారు గట్లవెంబడి, వాగులవెంబడి, ఎండలో వానలో నడచి చుట్టాల ఇండ్లలో ఈ సంగతి చెప్పిరి.

1876 మొదలు 1878 వరకు గొప్ప కరవు వచ్చెను. మనకు దక్షిణమున పెదగంజామునొద్దనుండి మద్రాసు వైపు సాగిపోవు బకింగ్‌హాం కాలువను మీరెరుగుదురు. ఆ కరవులో క్లౌ దొరగారు ఆ కాలువలో ఒక భాగము త్రవ్వించు పని ఒప్పుకొని ఆకలిగొన్నవారికి కూలి దొరుకునట్లు చేసిరి. బోధకులు పని చూచుచు, విరామ వేళలలో క్రీస్తును ప్రకటించుచు వచ్చిరి. అయితే అన్నము కొరకు మతము పుచ్చుకొన్నారను మాట రాకుండునట్లు పదునైదు నెలలు ఎవరికిని బాప్తిస్మమియ్యలేదు. సహాయము పంచుట ముగిసిన పిమ్మట, 1878 జులై 3న, వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. నీటిలో నిలిచి బాప్తిస్మమిచ్చినవారు మన తెలుగు బోధకులే. ఆరుగురు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసికొని సుమారు తొమ్మిది గంటలు ఆ పని చేసిరి.

ఈ చరిత్ర చెప్పుకొని గర్వపడుట సులభము. దానినుండి నేర్చుకొనవలసినది వేరొకటి. యేసు ప్రభువు ఒక రాత్రి యంతయు కొండమీద ప్రార్థనలో గడిపి, తెల్లవారిన తరువాత శిష్యులతో కూడ క్రిందికి వచ్చి, చదునైన చోట నిలిచెను. రోగులును దుఃఖితులును ఆయనను ముట్టినది ఆ చదునైన చోటనే (లూకా 6:12-19). కొండ ప్రార్థనకు స్థలము. ఆ ప్రార్థన ఎంత నిజమైనదో తెలియు స్థలము క్రింద నున్నది.

ఇది మేము పుస్తకములలో చదివి నేర్చుకొన్న పాఠము కాదు. సిగ్గుపడి నేర్చుకొన్నది గనుక మీయెదుట దాచము.

మన సంఘమునుండి సుమారు ముప్పదిమందిమి ప్రార్థన కొండకు ప్రయాణమైతిమి. ముందురోజు సాయంకాలము ప్యాసింజరు ఎక్కి, రాత్రి ఒంగోలులో తెలిసినవారి ఇండ్లలో తల దాచుకొని, ఇంక చీకటి యుండగనే కొండ క్రిందికి చేరితిమి. పడుచువారు టార్చిలైట్లు పట్టుకొని ముందు నడచిరి. స్త్రీలు చెంగులు బిగించి రాయి రాయి చూచి అడుగు పెట్టుచుండిరి. మా మనస్సు చాల ఉల్లాసముగా నుండెను. ఇంతమందిని ఇంతదూరము తీసికొని వచ్చితిమి గదా అని లోలోపల కొంచెము గర్వముకూడ ఉండెను.

మాలో ఒక వృద్ధురాలైన తల్లి ఉండెను. జీడిగింజలు కొట్టి కొట్టి ఆమె వ్రేళ్లు నల్లబారినవి. ఆ సొన మరకలు ఏ సబ్బుకును పోలేదు. ఆమె మొదటి రాళ్లయొద్దనే కూర్చుండిపోయెను. మేము దగ్గరకు పోయి, “లేవమ్మా, చెయ్యి పట్టుకొని ఎక్కిస్తాము” అంటిమి. ఆమె మా ముఖము చూచి నెమ్మదిగా ఇట్లనెను: “అయ్యగారూ, ఈ కొండెక్కటానికి నన్ను ఇంతదూరం తీసుకొచ్చారు, సంతోషమే. మన గుడికాడికి పోయే దోవ మాత్రం రెండేళ్లబట్టి ఎవురూ తియ్యలేదు గదయ్యా.”

మాకు మాట రాలేదు.

ఆమె చెప్పిన దోవ సంగతి మీలో అనేకులు ఎరుగుదురు. తోట అంచున గుడికి పోవు బాట యని పైన వ్రాసితిమే, అదియే. ఆ తోట మన సంఘములోని ఒక సహోదరునిది. రెండేండ్ల క్రిందట వేసవిలో పొరుగింటి పిల్లలు రాలిన జీడిగింజలు ఏరుకొనిరని మాట పుట్టెను. తండ్రి ఒక మాట అనెను, తోట సహోదరుడు రెండు మాటలనెను. మరునాడు బాటకు అడ్డముగా ముళ్లకంప పడెను. గింజలు ఏరిన పిల్లలు రెండే ఇండ్లవారు. దారి పోయినది పల్లెయందంతటివారికి. అప్పటినుండి అందరును లారీలు తిరుగు రోడ్డుమీదుగా చుట్టు తిరిగి రావలసి వచ్చెను. బుధవారపు రాత్రి ప్రార్థనకు ముసలివారు ఒక్కరొక్కరుగా రావడము మానిరి. మానినవారిలో ఈ తల్లి యొకతె.

మేము ఆ ముళ్లకంపను చూడలేదా? చూచితిమి. ఎన్నిమారులో చూచితిమి. ఆ రెండేండ్లలో ప్రేమనుగూర్చి మూడుమారులు ప్రసంగము చేసితిమి గాని, కంప అను మాట ఒక్కమారైనను మా నోట రాలేదు. ఎందుకు రాలేదో దేవునికి తెలియును, మాకును తెలియును. ఆ సహోదరుడు కోతపండుగకు ధారాళముగా ఇచ్చువాడు. గుడి రేకులు మార్చినప్పుడు సగము ఖర్చు తానే భరించినవాడు. అతని మనస్సు నొప్పించుటకంటె ఈ తల్లి కాళ్లు నొచ్చుట మాకు సులభముగా తోచెను. ఇది మా తప్పిదము.

ఆ ఉదయము కొండపైన ప్రార్థన జరిగెను. పాటలు పాడితిమి. తోట సహోదరుడు ఒక కొనను, పొరుగింటి సహోదరుడు మరియొక కొనను నిలిచియుండిరి. వారిద్దరి నడుమ ముప్పదిమందిమి ఉంటిమి, ముళ్లకంపయు ఉండెను. సూర్యుడు ఉదయించెను. 1854లో అయిదుగురు చూచిన దిక్కులనే మేమును చూచితిమి. వారు ఎన్నడును చూడని పల్లెల కొరకు కన్నీళ్లు విడిచిరి. మేము మా పొరుగింటికి దారి లేకుండ వచ్చితిమి.

ప్రియులారా, మత్తయి సువార్త 5వ అధ్యాయములో ప్రభువు చెప్పిన సంగతి ఇక్కడ జాగ్రత్తగా చదువుడి. ఒకడు బలిపీఠమునొద్దకు కానుక తెచ్చినాడు. అక్కడ అతనికి ఒక సంగతి జ్ఞాపకము వచ్చినది. ఏ సంగతి? తనకు ఇతరులమీద ఉన్న కోపము కాదు. తనమీద సహోదరునికి ఉన్న వ్యాజ్యెము. న్యాయమెవరిదో ముందు తేల్చుకొనుమని ప్రభువు చెప్పలేదు. కానుక ఇంటికి తీసికొని పొమ్మనియు చెప్పలేదు. అక్కడనే విడిచి, మొదట పోయి సమాధానపడి, తరువాత వచ్చి అర్పింపుమనెను. బలిపీఠమునకు పోవు దారి సహోదరుని గడపమీదుగా పోవుచున్నది. దానికి అడ్డదారి లేదు.

కొండ ఎక్కుట వ్యర్థమని మేము చెప్పుట లేదు. మరల ఎక్కుదుము. కాని ఈ కొండయా, యెరూషలేమా అని సమరయ స్త్రీ అడిగినప్పుడు ప్రభువు ఏమని జవాబిచ్చెనో మరువరాదు. ఆరాధన స్థలమునుబట్టి కాదు, ఆత్మనుబట్టియు సత్యమునుబట్టియు ఉండునని ఆయన బోధించెను (యోహాను 4:19-24). కీర్తనకారుడును కొండలవైపు చూచి, తన సహాయమెక్కడిదని ప్రశ్నించుకొని, కొండలు సహాయము చేయునని చెప్పలేదు. భూమ్యాకాశములను చేసినవానియొద్దనుండి వచ్చునని చెప్పెను. అది యాత్రికుల కీర్తన. అందులో పాదము జారకుండుటను గూర్చియు, ఎండ దెబ్బను గూర్చియు, వెళ్లుటను మరల వచ్చుటను గూర్చియు ఉన్నది. దేవుడు మన పాదములను కాపాడుచున్నాడు. ఆ పాదములు నడచు దారిలో మనమే ముండ్లు వేయుదుమా?

ఒంగోలునుండి వచ్చిన మరునాడు సంఘ పెద్దలిద్దరిని వెంటబెట్టుకొని తోట సహోదరుని ఇంటికి పోతిమి. మొదట మా తప్పు ఒప్పుకొంటిమి. రెండేండ్లు నోరు మూసికొన్నవారము ఈ దినమున న్యాయము చెప్పుటకు అర్హులము కామని చెప్పితిమి. అతడు కోపపడెను. “నా భూమి, నా హద్దురాళ్లు, నా ఇష్టం” అనెను. అది నిజమే. భూమి అతనిదే. మేము కాదనలేదు. పొరుగింటికిని పోతిమి. అక్కడి తండ్రితో, పిల్లలు ఏరిన గింజలు పిడికెడే గావచ్చును గాని పిడికెడైనను ఒకరి కష్టము గదా అని చెప్పితిమి. అతడు చాలసేపు తల వంచుకొని కూర్చుండెను గాని జవాబు చెప్పలేదు. రెండవమారును పోతిమి. మూడవమారు పోయినప్పుడు తోట సహోదరుని భార్య, “అయ్యగారూ, ప్రార్థన చేసి వెళ్లండి” అని మాత్రమనెను. ప్రార్థన చేసి వచ్చితిమి.

ఒక శనివారము సాయంకాలము ఆ సహోదరుడు తానే వంకకర్ర తెచ్చి కంపను ఒక ప్రక్కకు లాగెను. అంతయు తీయలేదు. ఒక మనిషి పట్టునంత సందు చేసెను. ఆదివారము ఉదయము ఆ తల్లి ఆ సందులోనుండి వచ్చెను. ఆమె చీర చెంగు ఒక ముల్లుకు తగులుకొనగా నిలిచి, విడిపించుకొని, గుడిలోనికి వచ్చి తన చోట కూర్చుండెను. ఆ దినమున మా ప్రసంగముకంటె ఆ నడక గొప్పది.

పని ముగిసినదని వ్రాయుటకు లేదు. ఆ రెండు ఇండ్లవారు ఇంకను ఒకరితో ఒకరు మాటలాడుకొనుట లేదు. అయినను సందు ఉన్నది. దారి నిలువవలెనన్న నడువవలెను. కనుక మీ అందరికిని మా మనవి ఇది. ఆ బాటలోనే గుడికి రండి. బాట విడిచి తోటలో అడుగు పెట్టవద్దు. మేకలను వదలవద్దు. రాలిన గింజ ఒక్కటైనను ముట్టరాదని పిల్లలకు చెప్పుడి. దారి ఇచ్చినవాని నమ్మకమును మనము కాపాడిన యెడల, ఆ సందు తానే వెడల్పగును.

ముళ్లకంప ఒక్క తోటలోనే ఉన్నదా? ఎవరి గుండె వారు తడిమి చూచుకొందము. అన్నదమ్ములు పొలము పంచుకొన్న దినమునుండి ఒకరి గడప ఒకరు తొక్కని ఇండ్లు మనలో ఉన్నవి. అత్తాకోడండ్రు ఒకే కప్పు క్రింద వేరు పొయ్యిలు పెట్టిన ఇండ్లున్నవి. ఈ పేటవారు ఆ పేటవారి ఇంట నీళ్లు త్రాగరను మాట, ఒక్క రొట్టెలోను ఒక్క పాత్రలోను పాలుపొందు మన మధ్య ఇంకను వినబడుచున్నది. ఇది చిన్న ముల్లు కాదు. గుండ్లకమ్మ నీళ్లలో దిగినప్పుడు ఏ పేటవాడవని ఎవరిని ఎవరును అడుగలేదే! ఇప్పుడెందుకు అడుగుచున్నాము?

దేవునికి ఇష్టమైన ఉపవాసమేదో చెప్పిన అధ్యాయములో యెషయా ప్రవక్త, అట్టివారికి దొరకు బిరుదును తెలిపెను. వారు పడిపోయిన గోడను కట్టువారనియు, జనులు నివసించుటకు త్రోవలను బాగుచేయువారనియు పిలువబడుదురు. కొండ ఎక్కినవారని కాదు, త్రోవ బాగుచేసినవారని. ఈ బిరుదు కొరకు డబ్బు అక్కరలేదు, చదువు అక్కరలేదు. ఒక వంకకర్రయు, మొదట నడచుటకు ధైర్యమును చాలును.

మరల కొత్త సంవత్సరమున ప్రభువు చిత్తమైతే ఒంగోలు కొండకు పోవుదము. పేర్లు ఇయ్యవచ్చువారు ఇప్పుడు మా యొద్ద కాదు, మొదట తమ పొరుగువారియొద్దకు పోవలెను. ఆ దారి తెరచుకొనిన తరువాత రైలు చార్జి సంగతి మాటలాడుకొందము. పోలేని ముసలివారు చింతపడవద్దు. వారు గుడికి వచ్చు దారి తెరచియున్నయెడల, ఆ కొండమీద ప్రార్థించిన అయిదుగురి ప్రార్థన మన ఊరిలోను నెరవేరినట్లే.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మేము చూచియు చూడనట్లు విడిచిన ముండ్లను క్షమించుము. మా పాదములను నీవు కాపాడినట్లు మా పొరుగువారి పాదములను మేము కాపాడునట్లు చేయుము. మాటలాడుకొనని ఇండ్లను జ్ఞాపకము చేసికొనుము. దారి తెరచిన చేతిని దీవించుము, ఆ దారిన నడచు ముసలి పాదములను దీవించుము. కొండమీదను, చదునైన చోటను నీవే మాతో నుండుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.